ఏటీపీతో ట్రాన్సియెంట్ స్టడీ ఎలా చేయాలి: పక్కన ఉండాల్సిన టూల్స్, వాటిని వాడే వరుస

బెంగళూరులో పవర్ కన్సల్టెన్సీలోనో, రిలే కంపెనీలోనో చేరిన మన తెలుగు పిల్లలకు కొద్ది రోజుల్లోనే ఇలాంటి పని ఒకటి చేతికొస్తుంది: "ఈ సబ్‌స్టేషన్‌లో కెపాసిటర్ బ్యాంక్ ఆన్ చేస్తే వోల్టేజి ఎంతకు ఎగురుతుందో చూసి చెప్పు." కాలేజీలో లోడ్ ఫ్లో చేసి ఉంటారు, షార్ట్ సర్క్యూట్ లెక్కలు చేసి ఉంటారు. అవన్నీ సిస్టమ్ కుదురుకున్నాక ఎలా ఉంటుందో చెప్తాయి. బ్రేకర్ మూసుకున్న మొదటి రెండు మిల్లీసెకన్లలో ఏం జరిగిందో వాటిలో కనబడదు. ఆ క్షణకాలపు ఊగుడునే ట్రాన్సియెంట్ అంటారు. అది చూడాలంటే ట్రాన్సియెంట్ ప్రోగ్రామ్ కావాలి.

కొనుక్కునేవి ఉన్నాయి. విన్నిపెగ్‌లో పుట్టిన పీఎస్‌క్యాడ్ వాటిలో ఒకటి. ఆఫీసులో లైసెన్స్ ఉంటే తప్పకుండా నేర్చుకోండి. కానీ సొంత ల్యాప్‌టాప్‌లో, శని ఆదివారాల్లో రూమ్‌లో కూర్చుని నేర్చుకోవడానికి ఏటీపీ (ఆల్టర్నేటివ్ ట్రాన్సియెంట్స్ ప్రోగ్రామ్) చాలు. దీని మూలం 1960ల నాటిది. హెర్మన్ డొమెల్ జర్మనీలోని మ్యూనిక్‌లో మొదలుపెట్టి, తర్వాత అమెరికాలోని బాన్‌విల్ పవర్ అడ్మినిస్ట్రేషన్‌లో ఈఎంటీపీగా (ఎలక్ట్రోమాగ్నెటిక్ ట్రాన్సియెంట్స్ ప్రోగ్రామ్) పెంచిన ప్రోగ్రామ్ నుంచి వచ్చింది. ఆయన 1969లో రాసిన పేపర్‌లోని పద్ధతి మీదే ఇవాళ్టికీ ఈ రకం ప్రోగ్రాములు చాలా నడుస్తున్నాయి. అప్పటి నుంచి ఎంతోమంది వాడుతున్న కొద్దీ పక్కా అయిన ప్రోగ్రామ్ ఇది.

చిక్కల్లా ఒక్కటే. ఏటీపీ అనేది లెక్క చేసే ఇంజిన్ మాత్రమే. టెక్స్ట్ ఫైలు తీసుకుంటుంది, ఒక రిపోర్టు ఫైలు, ఒక గ్రాఫ్ ఫైలు ఇస్తుంది. దానికి బొమ్మ గీయడం రాదు, వేవ్‌ఫామ్ చూపించడం రాదు. ఆ పనులన్నీ పక్క టూల్స్ చేస్తాయి. ఏ పనికి ఏ టూలో తెలిసి, వాటిని సరైన వరుసలో వాడితేనే జవాబు మీద నమ్మకం కుదురుతుంది. ఒక చిన్న ఉదాహరణ పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చేద్దాం.

1. ముందు లైసెన్స్

ఏటీపీకి డబ్బు కట్టక్కర్లేదు, కానీ అది ఎవరైనా ఎలాగైనా తీసుకునే ప్రోగ్రామ్ కాదు. యూజర్ గ్రూప్‌కు ఫారం పంపి, అనుమతి తీసుకోవాలి. ఈఎంటీపీ వ్యాపారంలో మీకు భాగం లేదని అందులో హామీ ఇస్తారు. మీరు పనిచేసే కంపెనీ పేరు ఉన్నదున్నట్టు రాయండి. పక్క రూమ్ వాడి పెన్‌డ్రైవ్‌లో దొరికిందని కాపీ చేసుకోవద్దు. రేపు మీ పేరు మీద రిపోర్టు బయటికి వెళ్లేటప్పుడు "ఈ సాఫ్ట్‌వేర్ మీకెలా వచ్చింది" అని క్లయింట్ అడిగితే చెప్పడానికి జవాబు ఉండాలి. అనుమతి వచ్చేలోపు మూడో అడుగు చేసేయొచ్చు, దానికి కాగితం, క్యాలిక్యులేటర్ చాలు.

2. టూల్స్ ఒకచోట చేర్చడం

కావాల్సినవి ఇవి. బొమ్మ గీయడానికి ఏటీపీడ్రా. నార్వేలో హాన్స్ క్రిస్టియన్ హోయ్‌డాలెన్ దీన్ని ఏళ్లుగా పెంచుతూ వస్తున్నారు. వేవ్‌ఫామ్ చూడటానికి ప్లాట్‌ఎక్స్‌వై. ఇది ఇటలీలోని పీసా యూనివర్సిటీ ప్రొఫెసర్ మాసిమో చెరావోలో చేసినది. ఫైళ్లను వేరే ఫార్మాట్లలోకి మార్చడానికి జీటీపీప్లాట్. ఇవి కాక నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ లాంటి మంచి టెక్స్ట్ ఎడిటర్ ఒకటి.

డ్రైవ్ మొదట్లోనే, పేరులో ఖాళీలు లేని చిన్న ఫోల్డర్ పెట్టుకోండి. డెస్క్‌టాప్ మీద పొడుగాటి పేర్లున్న ఫోల్డర్లో పెడితే, ఫైలు దొరకలేదని ఏటీపీ మొరాయించడం చాలామందికి అనుభవమే. తర్వాత ఏటీపీడ్రాలో టూల్స్, ఆప్షన్స్, ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్లి ఏటీపీ ఎక్కడుంది, ప్లాట్ ప్రోగ్రామ్ ఎక్కడుంది, ఎడిటర్ ఎక్కడుంది అని మూడు దారులూ చూపించండి. ఈ ఒక్క పేజీ సరిగ్గా నింపితే మిగతా పనంతా ఏటీపీడ్రాలోంచే నడుస్తుంది.

3. కంప్యూటర్ ముట్టుకోకముందు చేతి లెక్క

అన్నిటికన్నా ఎక్కువ టైమ్ ఇక్కడ పెట్టండి. జవాబు ఎంత రావాలో ముందే తెలియని వాడికి స్క్రీన్ మీద ఏ వేవ్‌ఫామ్ వచ్చినా సరైనదిలాగే కనిపిస్తుంది.

మన వైపు సబ్‌స్టేషన్ అనగానే 33/11 కేవీ గుర్తొస్తుంది. కర్ణాటకలో ఎక్కువగా 66/11 కేవీ. ఎటైనా ఉదాహరణకు 11 కేవీ బస్ తీసుకుందాం. బస్ దగ్గర ఫాల్ట్ లెవెల్ 250 ఎంవీఏ, పెట్టబోయే కెపాసిటర్ బ్యాంక్ 5 ఎంవీఏఆర్ అనుకుందాం.

సోర్స్ రియాక్టెన్స్ అంటే 11 వర్గాన్ని 250తో భాగించాలి: 0.484 ఓం. 50 హెర్ట్జ్ దగ్గర ఇది 1.54 మిల్లీహెన్రీ. ఎక్స్ బై ఆర్ 15 అనుకుంటే రెసిస్టెన్స్ 0.032 ఓం. కెపాసిటెన్స్ ఫేజుకు 131.5 మైక్రోఫారడ్.

రెండూ కలిసి ఊగే ఫ్రీక్వెన్సీకి తేలిక దారి ఉంది. ఫాల్ట్ లెవెల్‌ను బ్యాంక్ సైజుతో భాగిస్తే 50. దాని వర్గమూలం 7.07. దాన్ని 50 హెర్ట్జ్‌తో గుణిస్తే దాదాపు 354 హెర్ట్జ్.

ఫేజ్ టు గ్రౌండ్ పీక్ వోల్టేజి 8981 వోల్టులు. సర్జ్ ఇంపిడెన్స్, అంటే ఎల్ బై సీ వర్గమూలం, 3.42 ఓం. కాబట్టి ఇన్‌రష్ కరెంట్ పీక్ సుమారు 2600 ఆంపియర్లు. బ్యాంక్ మామూలుగా తీసుకునే కరెంట్ 262 ఆంపియర్లే, దాని పీక్ 371. వోల్టేజి రెండు రెట్ల దాకా, అంటే 18 కేవీ దగ్గరికి పోవచ్చు.

ఈ మూడు అంకెలూ, 354 హెర్ట్జ్, 2600 ఆంపియర్లు, 18 కేవీ, ఒక కాగితం మీద రాసి కీబోర్డు పక్కన పెట్టుకోండి.

4. ఏటీపీడ్రాలో సర్క్యూట్

మొదట సింగిల్ ఫేజ్ చాలు. ఏసీ సోర్స్, దానికి సిరీస్‌లో రెసిస్టెన్స్, ఇండక్టెన్స్, తర్వాత టైమ్ కంట్రోల్డ్ స్విచ్, దాని అవతల గ్రౌండ్‌కు కెపాసిటర్. బస్ దగ్గర, కెపాసిటర్ దగ్గర వోల్టేజి ప్రోబ్‌లు, స్విచ్ దగ్గర కరెంట్ ప్రోబ్ పెట్టండి. అడగని విలువ గ్రాఫ్ ఫైల్లోకి రాదు. నోడ్ పేర్లకు ఆరు అక్షరాలే చోటు. త్రీ ఫేజ్‌లో చివరి అక్షరం ఏ, బీ, సీలకు పోతుంది కాబట్టి అయిదే మిగులుతాయి. పంచ్ కార్డుల కాలం నాటి లెక్క అది, ఇప్పటికీ అలాగే ఉంది.

సోర్స్ దగ్గర ఆగి చూడండి. మా దగ్గర కొత్తగా చేరిన ప్రొద్దుటూరు కుర్రాడు ఒకరోజు ల్యాప్‌టాప్ పట్టుకొచ్చాడు.

"అన్నా, 21 కేవీ దాటుతోంది. బ్యాంక్ పేలిపోతుందేమో."

"సోర్స్ యాంప్లిట్యూడ్ ఎంత ఇచ్చావు తమ్ముడూ?"

"11000 అన్నా. బస్ 11 కేవీ కదా."

ఏటీపీకి కావాల్సింది ఫేజ్ టు గ్రౌండ్ పీక్. 11000ను మూడు వర్గమూలంతో భాగించి, రెండు వర్గమూలంతో గుణించి 8981 ఇవ్వాలి. కొత్త వెర్షన్లలో లైన్ టు లైన్ ఆర్‌ఎంఎస్ ఇచ్చే ఆప్షన్ కూడా ఉంది. ఏది ఎంచుకున్నారో ఒకటికి రెండుసార్లు చూసుకోండి. ఆ కుర్రాడి దగ్గర 18 రాసిన కాగితం ఉండుంటే 21 చూడగానే తనకే అనుమానం వచ్చేది.

సోర్స్ టీస్టార్ట్ (సోర్స్ మొదలయ్యే టైమ్) మైనస్ 1 ఇవ్వండి. అప్పుడు ఏటీపీ ముందుగా 50 హెర్ట్జ్ స్టెడీ స్టేట్ లెక్కేసి అక్కడి నుంచి మొదలుపెడుతుంది. సున్నా ఇస్తే సోర్స్ ఆన్ కావడమే ఒక ట్రాన్సియెంట్ అయి, మీరు చూడాల్సిన దాంతో కలిసిపోతుంది.

సోర్స్ కొసైన్ కాబట్టి ఫేజ్ కోణం సున్నా అయితే పీక్ 0, 20, 40 మిల్లీసెకన్ల దగ్గర వస్తుంది. అన్నిటికన్నా చెడ్డ పరిస్థితి చూడటానికి స్విచ్‌ను సరిగ్గా 20 మిల్లీసెకన్ల దగ్గర మూయండి.

సెట్టింగ్స్‌లో ఎక్స్‌ఆప్ట్, సీఆప్ట్ రెండూ సున్నా పెడితే ఇండక్టెన్స్ మిల్లీహెన్రీల్లో, కెపాసిటెన్స్ మైక్రోఫారడ్‌లలో తీసుకుంటుంది. ఎక్స్‌ఆప్ట్‌లో 50 పెడితే అదే గడిలో ఓమ్‌లు ఇవ్వాలి. ఇది గమనించకుండా పాత ఫైలు తెరిచి విలువలు మార్చితే జవాబు ఎక్కడికో పోతుంది. డెల్టా టీ (లెక్కలో ఒక్కో స్టెప్) 10 మైక్రోసెకన్లు, టీమ్యాక్స్ (రన్ మొత్తం టైమ్) 0.1 సెకన్ ఇవ్వండి. 354 హెర్ట్జ్‌కు ఒక సైకిల్ 2.8 మిల్లీసెకన్లు, అంటే ఒక్కో సైకిల్‌కు 280కి పైగా బిందువులు. ధారాళంగా సరిపోతుంది.

5. రన్ చేశాక మొదట తెరవాల్సింది ఎల్‌ఐఎస్ ఫైలు

గ్రాఫ్ చూడాలని ఆత్రం ఉంటుంది. ఆగండి. ఎల్‌ఐఎస్ అనే టెక్స్ట్ రిపోర్టును ఎడిటర్‌లో తెరవండి. మీరిచ్చిన ప్రతి లైనునూ ఏటీపీ ఎలా అర్థం చేసుకుందో అందులో ఉంటుంది. ఏ నోడు ఏ నోడుకు కలిసిందో పట్టిక ఉంటుంది. బొమ్మలో రెండు గీతలు ఆనుకున్నట్టు కనిపించినా నిజంగా కలవకపోతే ఇక్కడే బయటపడుతుంది. స్టెడీ స్టేట్ వోల్టేజి 8981 దగ్గర ఉందా? ఉంటే ముందుకెళ్లండి.

త్రీ ఫేజ్‌కు వెళ్లినప్పుడు ఇక్కడ ఫ్లోటింగ్ సబ్‌నెట్‌వర్క్ అనే హెచ్చరిక ఎదురుకావచ్చు. 11 కేవీ బ్యాంకుల్లో న్యూట్రల్‌ను గ్రౌండ్ చేయకపోవడం మామూలే. మూడు పోల్సూ తెరిచి ఉంటే ఆ బ్యాంక్‌కు భూమితో ఏ సంబంధమూ లేదు, దాని వోల్టేజి ఎంతో ఏటీపీకి తెలియదు. న్యూట్రల్ నుంచి గ్రౌండ్‌కు చాలా చిన్న కెపాసిటర్ పెట్టండి, 0.001 మైక్రోఫారడ్ చాలు. నిజంగా కూడా ఆ మాత్రం స్ట్రే కెపాసిటెన్స్ ఉంటుంది.

6. ప్లాట్‌ఎక్స్‌వైలో చూడటం

పీఎల్4 అనే గ్రాఫ్ ఫైలు తెరిచి కెపాసిటర్ వోల్టేజి గీయండి. పీక్ దగ్గర కర్సర్ పెట్టండి. 17.3 కేవీ దరిదాపుల్లో ఉండాలి, అంటే 1.93 రెట్లు. 18 ఎందుకు రాలేదు? ఊగుడు పీక్‌కు చేరేసరికి దాదాపు 1.4 మిల్లీసెకన్లు గడుస్తాయి. ఆలోపు 50 హెర్ట్జ్ వోల్టేజి తన పీక్ నుంచి దాదాపు పది శాతం దిగిపోతుంది. కొంచెం రెసిస్టెన్స్ తినేస్తుంది. ఈ తేడాకు కారణం చెప్పగలిగారంటే స్టడీ మీ చేతిలో ఉన్నట్టే. కరెంట్ పీక్ 2580 ఆంపియర్ల దగ్గర కనబడాలి. ఊగుడు తగ్గిపోయాక వోల్టేజి 8981 కన్నా రెండు శాతం ఎక్కువలో నిలుస్తుంది. అది కెపాసిటర్ వల్ల వచ్చే మామూలు పెరుగుదలే.

ఇప్పుడు స్విచ్ టైమ్ 20 నుంచి 25 మిల్లీసెకన్లకు మార్చి, అంటే వోల్టేజి సున్నా దగ్గర మూసి, మళ్లీ రన్ చేయండి. కరెంట్ పీక్ 700 ఆంపియర్ల దగ్గరికి పడిపోతుంది, వోల్టేజి 1.16 రెట్లు దాటదు. వోల్టేజి సున్నా అయ్యే క్షణం చూసి బ్రేకర్‌ను మూయించే పాయింట్ ఆన్ వేవ్ స్విచింగ్ రిలేకు ఖర్చు ఎందుకు పెడతారో ఈ రెండు గ్రాఫులూ పక్కపక్కన పెడితే క్లయింట్‌కు మాటలక్కర్లేకుండా అర్థమవుతుంది.

వదలకూడని పరీక్ష ఇంకొకటుంది. డెల్టా టీ 10 నుంచి 5 మైక్రోసెకన్లకు తగ్గించి, వేరే పేరుతో రన్ చేయండి. ప్లాట్‌ఎక్స్‌వైలో రెండు ఫైళ్లూ ఒకేసారి లోడ్ చేసి ఒకదాని మీద ఒకటి గీయండి. గీతలు కలిసిపోతే సరే. విడిపోతే స్టెప్ ఇంకా తగ్గించాలి.

7. ఫ్రీక్వెన్సీ స్కాన్‌తో సరిచూడటం

ఏటీపీడ్రా సెట్టింగ్స్‌లో టైమ్ డొమైన్ బదులు ఫ్రీక్వెన్సీ స్కాన్ ఎంచుకోండి. వోల్టేజి సోర్స్‌ను తీసేసి ఆ చోటును గ్రౌండ్ చేయండి, స్విచ్ మూసి ఉంచండి, బస్ మీద 1 ఆంపియర్ కరెంట్ సోర్స్ పెట్టండి. కరెంట్ 1 కాబట్టి బస్ వోల్టేజి అంకే ఇంపిడెన్స్ అవుతుంది. 10 నుంచి 1000 హెర్ట్జ్ దాకా స్కాన్ చేస్తే 354 దగ్గర కొండ లేవాలి. అది 350కి, అంటే ఏడో హార్మోనిక్‌కు, ఎంత దగ్గరో చూశారా? ఆ ఫీడర్ మీద డ్రైవులు, రెక్టిఫయర్లు ఉంటే స్విచింగ్ సంగతి అటుంచి రోజువారీ హార్మోనిక్ సమస్యే వస్తుంది. పీణ్య లాంటి ఇండస్ట్రియల్ ఏరియా ఫీడర్లకు ఈ స్కాన్ చేయకుండా బ్యాంక్ సైజు ఖరారు చేయొద్దని గట్టిగా చెప్తాను.

8. పక్కనే ఇంకో బ్యాంక్ ఉంటే

ఒక బ్యాంక్ ఆన్‌లో ఉండగా రెండోది ఆన్ చేస్తే కథ మారిపోతుంది. మొదటి బ్యాంక్ తనలోని చార్జ్‌ను రెండోదానిలోకి కుమ్మరిస్తుంది. మధ్యలో అడ్డుండేది బస్‌బార్, కేబుల్ ఇండక్టెన్స్ మాత్రమే. అది 20 మైక్రోహెన్రీలు అనుకుంటే కరెంట్ పీక్ 16 కిలో ఆంపియర్లు దాటుతుంది, ఫ్రీక్వెన్సీ 4.4 కిలోహెర్ట్జ్. 10 మైక్రోసెకన్ల స్టెప్ ఇక్కడ చాలదు, 1 మైక్రోసెకన్‌కు దించండి.

ఈ అంకెలను బ్రేకర్ సామర్థ్యంతో పోల్చాలి. బ్రేకర్ల ప్రామాణికం ఐఈసీ 62271-100, బ్యాక్ టు బ్యాక్ స్విచింగ్‌కు (ఇలా ఒక బ్యాంక్ ఉండగా ఇంకోటి ఆన్ చేయడానికి) ఇచ్చే ప్రామాణిక విలువ 20 కిలో ఆంపియర్లు, 4250 హెర్ట్జ్. మన కరెంట్ లోపలే ఉంది, ఫ్రీక్వెన్సీ కాస్త దాటింది. సిరీస్ రియాక్టర్ పెట్టేది ఇందుకే. బ్రేకర్ తయారీదారును టైప్ టెస్ట్ రిపోర్టు అడగండి. సదాశివనగర్‌లో 1960 నుంచి ఉన్న సీపీఆర్‌ఐ (సెంట్రల్ పవర్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్) లాంటి ల్యాబ్ ఇచ్చిన రిపోర్టులో ఏ కరెంట్‌కు, ఏ ఫ్రీక్వెన్సీకి టెస్ట్ చేశారో ఉంటుంది. బ్రోచర్ మీద అంకెలు చూసి సరిపెట్టుకోవద్దు.

9. గ్రాఫ్‌లో రంపపు పళ్లు కనబడితే

రియాక్టర్ ఉన్న సర్క్యూట్‌లో స్విచ్ తెరవగానే వోల్టేజి ప్రతి స్టెప్‌కూ పైకీ కిందికీ కొట్టుకోవడం చూస్తారు. సిస్టమ్‌లో అలాంటిది జరగదు, అది లెక్క పద్ధతి వల్ల వచ్చేది. ఏటీపీ ప్రతి ఇండక్టర్‌నూ 2ఎల్ బై డెల్టా టీ విలువున్న రెసిస్టర్‌గా, గత స్టెప్‌ను గుర్తుపెట్టుకునే కరెంట్ సోర్స్‌గా మారుస్తుంది. దీన్ని ట్రెపిజాయిడల్ రూల్ అంటారు. ఉన్నట్టుండి కరెంట్ తెగితే ఆ గుర్తు ఆరిపోక అటూ ఇటూ ఊగుతుంది.

గుర్తుపట్టడం తేలిక: స్టెప్ సగం చేస్తే ఆ పళ్ల మధ్య దూరమూ సగమవుతుంది. నిజమైన ఊగుడైతే అలా మారదు. మందు కూడా తేలికే. ఏటీపీడ్రా ఇండక్టర్ డైలాగ్‌లో కేపీ అనే గడిలో 5 నుంచి 10 మధ్య విలువ ఇస్తే సమాంతరంగా డ్యాంపింగ్ రెసిస్టర్ చేరుతుంది. మన 1.54 మిల్లీహెన్రీకి, 10 మైక్రోసెకన్ల స్టెప్‌కు 2ఎల్ బై డెల్టా టీ 308 ఓం. కేపీ 7.5 అయితే రెసిస్టర్ 2310 ఓం. 50 హెర్ట్జ్ దగ్గర దాని ప్రభావం లెక్కలోకి రాదు.

10. లైన్లు కలిస్తే ఎల్‌సీసీ

ట్రాన్స్‌మిషన్ లైన్ ఉంటే ఏటీపీడ్రాలోని ఎల్‌సీసీ వాడాలి. టవర్ కొలతలు, కండక్టర్ వివరాలు ఇస్తే అదే లైన్ మోడల్ తయారుచేస్తుంది. 400 కేవీ ట్విన్ మూస్ (ఫేజుకు రెండు మూస్ కండక్టర్లు) అయితే కండక్టర్ వ్యాసం 31.77 మిల్లీమీటర్లు, బండిల్ దూరం 450 మిల్లీమీటర్లు. అయితే డైలాగ్ అడిగేది వ్యాసార్థం, అదీ సెంటీమీటర్లలో. కాబట్టి 1.589 ఇవ్వాలి. ఎత్తు టవర్ దగ్గర వేరు, స్పాన్ మధ్యలో వేరు, రెండూ ఇవ్వండి.

తర్వాత వెరిఫై నొక్కి పాజిటివ్ సీక్వెన్స్ రియాక్టెన్స్ చూడండి. కిలోమీటరుకు 0.33 ఓం దగ్గర రావాలి. సర్జ్ ఇంపిడెన్స్ లోడింగ్ 515 మెగావాట్ల దగ్గర తేలాలి. చాలా దూరంగా ఉంటే వ్యాసం, వ్యాసార్థం దగ్గర పొరబడ్డారేమో చూడండి. స్టెప్ సంగతీ మర్చిపోవద్దు: తరంగం మైక్రోసెకన్‌కు 300 మీటర్ల దాకా పోతుంది. 3 కిలోమీటర్ల లైన్ దాటడానికి 10 మైక్రోసెకన్లే, కాబట్టి డెల్టా టీ దానికన్నా బాగా తక్కువ ఉండాలి.

11. వందల రన్లు, రిలే పరీక్షలు

బ్రేకర్ మూడు పోల్సూ ఒకే క్షణంలో మూసుకోవు. అందుకే ఒక్క టైమ్‌కు రన్ చేసి పీక్ ఇంత అని రాయడం సరిపోదు. ఏటీపీలో స్టాటిస్టికల్ స్విచ్ ఉంది, మూసే టైమ్‌ను తనే మార్చుకుంటూ చాలాసార్లు రన్ చేసి పీకుల పంపకం ఎల్‌ఐఎస్‌లో రాస్తుంది. రియాక్టర్ విలువ లాంటివి మార్చి చూడాలంటే ఏటీపీడ్రాలో వేరియబుల్స్ పేజీ వాడండి. ఫలితాలను పీఎల్42మ్యాట్ అనే చిన్న టూల్‌తో మార్చుకుని ఆక్టేవ్‌లోనో పైథాన్‌లోనో పట్టికగా తీసుకోవచ్చు.

రిలే ఉద్యోగంలో ఉన్నవారికి జీటీపీప్లాట్ ఎక్కువ పనికొస్తుంది. పీఎల్4ను కామ్‌ట్రేడ్‌గా, అంటే రిలేలు, రికార్డర్లు వాడే ఉమ్మడి ఫైలు ఫార్మాట్‌లోకి, మార్చి ఇస్తుంది. సీఎఫ్‌జీ, డాట్ అనే రెండు ఫైళ్లు, ఐఈఈఈ సీ37.111 ప్రామాణికం. అవి టెస్ట్ కిట్‌లో వేసి అసలు రిలేకే ఆ ఫాల్ట్ చూపించొచ్చు. రిలే సీటీ, పీటీల (కరెంట్, వోల్టేజిలను తగ్గించి ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ల) అవతల ఉంటుంది కాబట్టి ప్రైమరీ విలువలను సెకండరీకి మార్చారో లేదో కిట్ ఆన్ చేయకముందే చూసుకోండి.

ఇదే దారిలో వెనక్కీ నడవొచ్చు. గ్రిడ్‌లో ట్రిప్పింగ్ జరిగినప్పుడు స్టేషన్ల నుంచి రేస్ కోర్స్ రోడ్డు దగ్గరున్న సదరన్ రీజినల్ లోడ్ డిస్పాచ్ సెంటర్‌కు వెళ్లే డిస్టర్బెన్స్ రికార్డర్ ఫైళ్లు కూడా కామ్‌ట్రేడ్‌లోనే ఉంటాయి. మీ స్టేషన్ రికార్డు మీ చేతికొస్తే ప్లాట్‌ఎక్స్‌వైలో దాన్నీ, మీ పీఎల్4నూ కలిపి తెరవండి. ఊగుడు ఫ్రీక్వెన్సీ కలవకపోతే ముందు ఫాల్ట్ లెవెల్ అనుమానించండి, కలిసి ఎత్తు మాత్రం తేడా వస్తే బ్రేకర్ మూసుకున్న క్షణం చూడండి, మరీ తొందరగా ఆరిపోతుంటే మీరు వదిలేసిన లోడ్‌ను మోడల్‌లో చేర్చండి.